ఎడమ సీటులో తస్నీమ్

10 ఫిబ్రవరి, సోమవారం

నూలు కంపెనీవాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ఏటా ఈయన రాసుకుంటారు. ఈసారి నా వైపు తోసేశారు. "నేనేం రాసేది? లేచినా, మాత్ర మింగినా, కూర్చున్నా. ఒక పేజీ చాలు సంవత్సరానికి" అన్నారు.

జనవరిలో ఈయనకు రెండోసారి మూర్ఛ వచ్చింది, మా చీరల షాపులో నిలబడి ఉండగానే. ఏడాదిపాటు స్టీరింగ్ ముట్టకూడదన్నారు డాక్టరు. ముప్పై రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు ఆనేకల్ పోయి, మగ్గాలవాళ్ళకు పట్టు నూలు ఇచ్చి చీరలు తెచ్చిన మనిషి. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని, కింద కవరు కప్పిన కారును చూస్తూ ఉంటారు. పెట్టుకున్న డ్రైవరు తొమ్మిది రోజులకే దణ్ణం పెట్టి పోయాడు. అమ్మాయి అనూషది ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. శనివారం కూడా ల్యాప్‌టాప్ మూయదు.

అందుకని నేనే కారు నేర్చుకుంటున్నాను. యాభై ఆరేళ్ళకు. ఎల్ఎల్, అంటే లెర్నర్స్ లైసెన్సు, చేతికొచ్చింది. ఆనేకల్ కోసమే ఇదంతా, వేరే కారణమేమీ లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి నేర్పించమని అడిగాను. ఈయన నవ్వారు. అది నేను మనసులో పెట్టుకోలేదు.

11 ఫిబ్రవరి, మంగళవారం

మూడో క్రాస్‌లో డ్రైవింగ్ స్కూలు. ఓనరు ఆవులప్ప. ఆడమనిషి నేర్పిస్తేనే వస్తానన్నాను.

"ఉండాదమ్మా మా దగ్గర ఒక మేడమ్. ఎనిమిదేండ్లుగా ఆడోళ్ళకే నేర్పిస్తా ఉండాది. ఆయమ్మకుండే ఓర్పు నాకు లేదు, మా బండికీ లేదు" అన్నాడు.

పేరు అడగలేదు.

13 ఫిబ్రవరి, గురువారం

ఆరున్నరకు గేటు ముందు స్కూలు కారు ఆగింది. అందులోంచి నల్ల బురఖా మనిషి దిగింది. కళ్ళు తప్ప ముఖం కూడా మూసే ఉంది. ఎవరి ఇల్లో వెతుక్కుంటోందనుకున్నాను. "వరూధిని గారేనా? రండక్కా" అని స్టీరింగ్ వైపు తలుపు తెరిచి పట్టుకుంది.

ఆవులప్ప ఈ మాట ఎందుకు చెప్పలేదు? ఆ గుడ్డ చాటునుంచి పక్క వాహనాలు ఎలా కనిపిస్తాయి? లోపలికి తిరిగి పోదామంటే కిటికీలోంచి ఈయన చూస్తున్నారు. అందుకని ఎక్కి కూర్చున్నాను.

ఎడమ సీటులో కూర్చుని ఆమె ఏదో గొణిగింది. మంత్రమేమోనని భయమేసి అడిగేశాను. "బిస్మిల్లా అంటినక్కా. దేవుడి పేరు తలుచుకుని మొదలుపెట్టేది. మీరు ఇప్పుడేమంటిరి?" అంది. నేను 'గణేశా' అనుకున్న మాట ఆమెకు వినబడింది.

బండి పదకొండుసార్లు ఆగిపోయింది. వెనక ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆమె అద్దం దించి కన్నడలో, "ఏమప్పా, నువ్వు పుట్టంగానే ఆటో తోలుకుంటా వచ్చినావా?" అని అడిగింది. అద్దం ఎత్తి నా వైపు తిరిగి తెలుగులో, "మీరు కానీయండి. క్లచ్ మెల్లిగా. నిద్రపోయే బిడ్డ మీదనుంచి దుప్పటి తీసినట్ల తీయల్ల" అంది.

"తెలుగు ఎట్ల వచ్చింది మీకు?"

"ఎట్ల వచ్చేదేముండాది? మాది చింతామణి. ఇంట్లో మా ఉర్దూ, గడప దిగితే తెలుగు, బడిలో కన్నడ. ఏ భాషలో తిట్టల్లో చెప్పండి, తిడతాను."

పేరు తస్నీమ్. ముఖం కనబడని మనిషి నవ్వుతోందో లేదో ఎలా తెలుసుకోవడం?

15 ఫిబ్రవరి, శనివారం

క్లచ్. బ్రేక్. క్లచ్. ఈ ఎడమ కాలు నాది కాదు.

17 ఫిబ్రవరి, సోమవారం

"రెండో గేరులోనే ఈడుస్తా ఉండావు, చప్పుడు బట్టే తెలస్తాది" అన్నారు ఈయన. ఆమె గురించి ఒక్క మాట అనలేదు. మగవాళ్ళకు ఇవన్నీ పట్టవు.

గ్రూపులో ఒక ప్రశ్న అడిగాను. మా శుక్రవారం లలితా సహస్రనామం గ్రూపు. నలభై మంది ఆడవాళ్ళం, అందరూ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. "మూడో క్రాస్ డ్రైవింగ్ స్కూల్లో నేర్పించే ఆమె ముస్లిం, పూర్తి బురఖా. ఒంటరిగా కారులో పోవడం మంచిదేనా?" అని.

సుమ్మనే, ఊరికే అడిగాను. ఆ మనిషి మీద నాకేమీ లేదు.

ఇరవై మూడు జవాబులు వచ్చాయి. ఎదురింటి అంబిక ఒక్కతే ఏడు పంపింది, అన్నీ ఎక్కడినుంచో వచ్చినవే. వాళ్ళలో ఆడవాళ్ళకు గడప దాటే హక్కు లేదట. మగవాడు తలాక్ అని మూడు మాటలంటే చాలు, పెళ్ళాం వీధిలో పడుతుందట. రోజూ మాంసమేనట. మనతో మంచిగా ఉన్నారంటే వెనకాల ఎవరో పంపి ఉంటారట.

అన్నీ చదివాను, తెలుసుకుందామని. గడప దాటే హక్కు లేని మనిషి నాకు గేర్లు ఎలా నేర్పిస్తోందని ఒక క్షణం అనిపించింది. ఆ మాట గ్రూపులో రాయలేదు.

21 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ రోజు బనశంకరి దాకా పోయాం. సిగ్నల్ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. ఊరికే కూర్చోలేక, "మీ ఆయన ఏం చేస్తారు?" అన్నాను.

"లేడక్కా. తొమ్మిదేండ్లయింది వేరుపడి."

అంబిక పంపిన మూడు మాటలు గుర్తొచ్చాయి. జాలి వేసింది. జాలి పడుతుంటే మనం కొంచెం మంచివాళ్ళమైనట్టు ఉంటుంది. "ఎందుకు వదిలేసినాడమ్మా నిన్ను?" అన్నాను. 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో తెలియలేదు.

"వాడేమి వదిలేది? నేనే వదిలిస్తిని." సీటులో నిటారుగా కూర్చుంది. "చెయ్యి చేసుకుంటా ఉండె. నాలుగేండ్లు చూసినా. నేనే పోయి ఖాజీ సాబ్ ముందర కూర్చుంటిని. ఖులా అంటారక్కా, ఆడమనిషి అడిగి తీసుకునేదాన్ని. మాలో పెండ్లప్పుడు మొగోడే ఆడదానికి ఇయ్యల్ల, మహర్ అని. అది వాడి మొగాన కొట్టి వచ్చేస్తిని."

"మరి అందరూ అట్ల అంటారే…"

"అందరికీ అంత సులభంగా అయిపోతాదని కాదు. మా చిన్నమ్మ కూతురు అడగను ధైర్యం లేక ఈ పొద్దుకీ తన్నులు తింటా ఉండాది. రాసిపెట్టింది ఒకటి, ఇండ్లల్లో జరిగేది ఒకటి. మీలో లేదా?"

మా చెల్లెలు విడాకుల కోసం పదకొండేళ్ళు కోర్టు మెట్లు ఎక్కి దిగింది. పచ్చ లైటు పడినా నేను కదలలేదు. "అక్కా, గ్రీను!" అని అరిచింది.

జంక్షన్ దాటాక, "ఈ బురఖా ఆయన వేయించిందేనా?" అన్నాను.

"వాడా! వాడికి నేను స్టైలుగా కనపడల్ల, ఫ్రెండ్స్ ముందర. వాడు పోయినాక నేనే వేసుకున్నా. మా నాయన నెల దినాలు నాతో మాట్లాడలేదు, ఇట్లుంటే ఎవరే నీకు పనిచ్చేది అని. మా అమ్మ వేసుకోదు. చెల్లెలూ వేసుకోదు."

"మరి నువ్వు ఎందుకు?"

"నాకు బాగుంటాది. దేవుడికి దగ్గరగా ఉన్నట్ల ఉంటాది." కొంచెం ఆగి, "ఎండాకాలంలో నాకూ విసుగే. ఆ మాట ఎవురికీ చెప్పొద్దండి" అంది.

తర్వాత ఆమె వంతు. చిన్నప్పుడు వాళ్ళ పక్కింట్లో మన తెలుగువాళ్ళే ఉండేవాళ్ళట. బొట్టు పోతే మొగుడు ఆ నిమిషమే చచ్చిపోతాడని ఎవరో చెప్పారట. ఒక రోజు పక్కింటావిడ ముఖం కడుక్కుంటుంటే చూసి, ఆయన పనిచేసే రైస్ మిల్లు దాకా ఏడుస్తూ పరుగెత్తిందట. ఆయన బతికే ఉండి, బెల్లం ముక్క ఇచ్చి పంపాడట.

ఇంటికొచ్చి గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుకున్నాను. ఈయన అనుమానంగా చూశారు.

26 ఫిబ్రవరి, బుధవారం

శివరాత్రి. ఉపవాసం. అయినా క్లాసుకు పోయాను.

"నీళ్ళు తాగొచ్చా మీరు?" అంది తస్నీమ్.

"తాగొచ్చు. పండ్లు, పాలు. కొందరు సాబుదాన కిచిడీ, అటుకులు, ఉప్పిట్టు…"

"ఇది ఉపవాసమా అక్కా, హోటలు మెనూనా?"

నవ్వులో బ్రేక్ అందలేదు. కారుకు ఎడమ పక్క చిన్న గీత పడింది. ఆవులప్పకు తనే తగిలించానని చెప్పిందట. అడిగితే, "మీరు స్టూడెంటు, మీకు మంచి పేరు అక్కర్లేదు" అంది.

3 మార్చి, సోమవారం

నిన్నటి నుంచి వాళ్ళ ఉపవాసాలు. పొద్దున నేనిచ్చిన నీళ్ళ సీసా చేత్తోనే వద్దంది. సాయంత్రం దాకా ఉమ్మి కూడా మింగరట, అంబిక చెప్పింది. అది ఒట్టి మాటట, తస్నీమ్ చెప్పింది. పాపం, బలవంతంగా ఉంచుతారేమో. కళ్ళు తిరిగి పడిపోతే నాకు హైవే మీద కారు ఎలా ఆపాలో ఇంకా సరిగా రాదు.

7 మార్చి, శుక్రవారం

పడిపోలేదు. మూడో గేరు నేర్పించింది.

11 మార్చి, మంగళవారం

కొత్తిమీర కోసం పోతుంటే మెయిన్ రోడ్డు చివర స్కూలు కారు ఆగి ఉంది. లోపల తస్నీమ్ ఒక్కతే. ముసుగు కిందినుంచి నీళ్ళ సీసా లోపలికి పోయింది. ఆ తర్వాత ఖారా బన్ను. నా కళ్ళారా చూశాను.

పోయిన వారం నా సీసా వద్దన్న మనిషి! అంటే అంతా పైకే.

ఎందుకో ఈ పూట చాలా హుషారుగా ఉంది. సొరకాయ పులుసు కూడా బాగా కుదిరింది.

12 మార్చి, బుధవారం

ఉండబట్టలేక, "నిన్న బన్ను బాగుండెనా?" అన్నాను.

ఆమె తన వైపు బ్రేకు తొక్కింది. "చూస్తిరా! లీవు అక్కా."

"ఏం లీవు?"

"ఆడోళ్ళ లీవు. ఆ దినాల్లో రోజా, అదే ఉపవాసం, ఉండకూడదు మేము. ఎన్ని పోతే అన్ని పండగైనాక ఉండల్ల. జబ్బుతో ఉండేవాళ్ళకు లేదు, ముసలోళ్ళకు లేదు, కడుపుతో ఉండేవాళ్ళు తర్వాత పెట్టుకోవచ్చు. మీ సార్ మాలో పుట్టినా, మాత్రలు మింగే మనిషివి, ఉండొద్దు పోప్పా అంటారు."

"అయితే దాక్కుని తినేదెందుకు?"

"స్కూల్లో నలుగురు మొగోళ్ళు. ఈ పొద్దు రోజా లేదా మేడమ్ అంటారు. ఏం చెప్పేది? బోర్డు తగిలించుకోనా, కారుకు ఎల్ బోర్డు మాదిరి?"

ముప్పై ఏళ్ళపాటు ఆ నాలుగు రోజులు దేవుడి గదిలోకి పోకుండా, చుట్టాలకు తలనొప్పి అని చెప్పినదాన్ని నేను. నాకు తట్టలేదు. నిన్నటి హుషారు గుర్తొచ్చి సిగ్గుగా ఉంది. పులుసు బాగా కుదిరిందని కూడా రాసుకున్నాను.

15 మార్చి, శనివారం

ఆవులప్ప ఫోన్ చేశాడు. వచ్చే నెల నుంచి నాకు తస్నీమ్ రాకపోవచ్చట. "ముగ్గురు లేడీస్ ఆయమ్మ వద్దని మానేసినారమ్మా. ఏదో గ్రూపులో వచ్చిందంట. ఇట్లే అయితే నేను ఆయమ్మను పెట్టుకోను కష్టమే" అన్నాడు.

ఏ గ్రూపో చెప్పలేదు. ఈ ఊళ్ళో గ్రూపులు చాలా ఉంటాయి.

16 మార్చి, ఆదివారం

నేను అడిగాను. అంతే.

17 మార్చి, సోమవారం

ఒంట్లో బాగాలేదని క్లాసుకు పోలేదు.

18 మార్చి, మంగళవారం

అంబిక ఫోనులో చూశాను. నా మాటలే, పేరు లేకుండా. ఎవరో చివర మార్చారు. "ఒంటరిగా కారులో పోవడం మంచిదేనా?" అన్నది "ఒంటరిగా కారులో పోకండి" అయింది. కింద ఇంకో నాలుగు వరుసలు చేరాయి. కారు నేర్పే మిషతో ఆడవాళ్ళను ఎక్కడెక్కడికో తీసుకుపోతారని. అవి నేను రాయలేదు. చదువుతుంటే నాకే భయమేసింది, ఎవరీ మనిషి అని. నాకు దుప్పటీ బిడ్డా కథ చెప్పి క్లచ్ నేర్పించిన మనిషి.

కాఫీ ఇస్తూ ఈయనకు చెప్పేశాను. సుమ్మనే అడిగానని, చెడ్డగా ఏమీ రాయలేదని మూడుసార్లు చెప్పాను.

గ్లాసు కింద పెట్టారు. "నువ్వు సుమ్మనే అడిగింది నిజమే వరూ. నువ్వు డ్రైవింగ్ నేర్పించమంటే నేను కూడా ఆ పొద్దు సుమ్మనే నవ్వినా. మళ్ళీ ఇరవై ఎనిమిదేండ్లు నువ్వు ఆ మాట ఎత్తినావా?"

ఈయనకు గుర్తుందని నాకు తెలియదు.

20 మార్చి, గురువారం

రాయాలి.

క్లాసుకు పోయాను. అంతా వరసగా చెప్పాలని ఇంట్లోనే అనుకుని పోయాను. నేను నోరు తెరిచే లోపల, "అక్కా, పక్కన ఆపండి, మీకొకటి చూపియ్యల్ల" అంది. ఫోను నా చేతికిచ్చింది. ఆ వరుసలే. "మా చెల్లెలికి ఆఫీసులో ఎవరో పంపినారంట, ఇది మీ అక్కేనా అని. రెండు దినాలుగా మా అమ్మ అన్నం సరిగ్గా తినలేదు. ఎవరు రాసినారో తెలీదు. మీకు చెప్పుకుందామని ఎదురు చూస్తా ఉంటిని, మీరు రెండు దినాలు రాకపోతిరి."

నాకు చెప్పుకుందామని.

"మొదటి వరుస నేనే రాసినాను తస్నీమ్" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఫోను తీసుకుని మళ్ళీ చదివింది. తలుపు తెరుచుకుని దిగిపోయింది. ఫుట్‌పాత్ మీద, ఒక మూసిన అంగడి షట్టరు వైపు తిరిగి నిలబడింది. నేను దిగలేదు. దిగి ఏం చెప్పాలి? ఎంతసేపైందో తెలియదు. వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"ఈ పొద్దు నేను మాట్లాడను. మీరు తోలండి."

ఇంటిదాకా తోలాను. ఒక్కసారి కూడా బండి ఆగిపోలేదు. ఆమె ఒక్కసారి కూడా బాగుందనలేదు.

22 మార్చి, శనివారం

నిన్నా ఇవాళా ఆవులప్పే వచ్చాడు క్లాసుకు. ఆయమ్మ సెలవు పెట్టిందన్నాడు.

మధ్యాహ్నం గ్రూపులో నా పేరుతో రాశాను. మొదటి వరుస నాదేనని, మిగతావి ఎవరివో తెలియవని, ఐదు వారాలుగా ఆమె పక్కన కూర్చుంటున్నానని, ఆమె నేర్పించినంత ఓపికగా నాకు ఎవరూ ఏదీ నేర్పించలేదని. నా అనుమానం తప్పని. నాలుగుసార్లు చెరిపి ఐదోసారి పంపాను.

సాయంత్రం దాకా ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత ఎవరో శుక్రవారం పారాయణం ఎవరింట్లో అని అడిగారు.

అంబిక ఇంటికే వచ్చింది. "నిన్ను ఏమైనా చేసినారా వాళ్ళు? ఇట్ల ఎందుకు రాస్తివి?" అంది. నిజంగానే కంగారు పడుతోంది నా కోసం. మజ్జిగ ఇచ్చాను. తాగకుండా పోయింది.

25 మార్చి, మంగళవారం

మానేసిన ఆ ముగ్గురి ఇళ్ళకూ పోయాను. ఒకామె నేను చెప్పింది విని, ఏప్రిల్ నుంచి మళ్ళీ చేరతానంది. ఇంకొకామె భర్తను అడగాలంది. మూడో ఆమె టీవీ చప్పుడు తగ్గించకుండానే విన్నది.

30 మార్చి, ఆదివారం

ఉగాది. ఒబ్బట్లు చేశాను. ఈయన, అనూష, నేను. ఈ ఏడాది వేపపువ్వు ఎక్కువ పడింది.

రేపే రంజాన్ అట. మనకు హొసతొడకు, ఉగాది మర్నాటి మాంసం పండగ, కూడా రేపే. "ఊరంతా రేపు మటన్ అంగడి ముందరే ఉంటాది. మనమూ వాళ్ళూ ఒకే క్యూ" అన్నారు ఈయన, సంబరంగా. మా ఇంట్లో ఆదివారం ఆదివారం మటన్ ఉండాల్సిందే. తస్నీమ్ మటన్ ముట్టదు. పడదట. పప్పుచారు మనిషి.

ఆవులప్పను అడ్రస్ అడిగాను.

31 మార్చి, సోమవారం

గురప్పనపాళ్యలో వాళ్ళ ఇల్లు. ఈయనా వస్తానన్నారు. ఆటోలో దారి పొడవునా ఏం చెప్పాలో పది వాక్యాలు వరసగా అనుకుంటూ పోయాను. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి, యాభై ఆరేళ్ళలో ఒక ముస్లిం ఇంటి గడప తొక్కడం ఇదే మొదటిసారని ఆటో దిగాక తట్టింది. ఎవరూ వద్దనలేదు నన్ను. నేనే పోలేదు.

తలుపు తీసిన మనిషిది చిలకాకుపచ్చ సల్వారు, మోచేతుల దాకా గోరింటాకు. ఆ కళ్ళే. చేతులు పట్టేసుకున్నాను. పది వాక్యాలూ చెప్పేశాను. నాకు తెలియకుండానే నీళ్ళు వచ్చాయి. నేను అడిగిన ఒక్క మాట నీ కడుపు కొట్టిందని, నీ దగ్గర నేర్చుకుంటూ నీ వెనక అడిగానని, నన్ను తిట్టమని, ఏ భాషలోనైనా సరేనని. ఆమె కళ్ళూ నిండాయి. అంతా విని, మెల్లిగా, "ఆంటీ, నేను నస్రీన్. అక్క వంటింట్లో ఉండాది" అంది.

వెనక ఈయన దగ్గినట్టు నవ్వు ఆపుకున్నారు.

లోపలినుంచి గొంతు వచ్చింది. "అంతా విన్నానక్కా. ఇంకోసారి మొదటినుంచి చెప్పండి, మా అమ్మ దొడ్లో ఉండె, ఆమె వినలేదు."

తస్నీమ్ బయటికి వచ్చింది. తలమీద ఓణీ వేసుకుంది, ఈయన ఉన్నారని ముఖానికి కొంగు అడ్డం పట్టుకుంది. నన్ను వంటింట్లోకి పిలిచాక తీసేసింది. నేను మనసులో గీసుకున్న ముఖం వేరే. చిన్న ముక్కు, దానికి ఎర్ర రాయి పుడక, ముందరి పళ్ళ మధ్య సందు. నాకంటే పదిహేడేళ్ళు చిన్నది. ఇన్నాళ్ళూ నాకంటే పెద్దదాని దగ్గర నేర్చుకున్నట్టు ఉండేది.

"కోపం పోయిందా?" అన్నాను.

"పోలేదు." గరిట తిప్పుతూనే ఉంది. "గ్రూపులో మీరు రాసింది నస్రీన్ ఫోనుకు వచ్చె. ఆవులప్ప కూడా చెప్పినాడు, మీరు ఇంటింటికీ తిరిగినారంట. అయినా పోలేదు. వేరే ఎవరైనా రాసి ఉంటే ఎప్పుడో పోయుండు."

"ఊఁ."

"పోతాది. బలవంతం చేయొద్దండి." సేమ్యా గిన్నె నా చేతిలో పెట్టింది. "టెస్టు శుక్రవారం కదా? ఆవులప్ప రివర్స్ నేర్పించలేదంట మీకు. ఎల్లుండి ఆరున్నరకు వస్తాను, తయారుగా ఉండండి."

హాల్లోకి వస్తే వాళ్ళమ్మ, తెల్లంచు నూలు చీరలో, ఈయన పక్కన కూర్చుని మూర్ఛకు ఏ డాక్టరు మంచివాడో చెబుతోంది. ఈయన ఆమెకు ఆనేకల్ మగ్గాల గురించి చెబుతున్నారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినడం లేదు. నేను తెచ్చిన ఒబ్బట్లు అప్పటికే సగం అయిపోయాయి.

2 ఏప్రిల్, బుధవారం

వచ్చింది. రివర్స్, రివర్స్, రివర్స్. పని మాటలు తప్ప ఇంకేమీ లేవు. దిగేటప్పుడు, "మెడ తిప్పి చూడండక్కా, అద్దాన్ని నమ్మొద్దు" అంది. అంతే. అయినా చాలు.

3 ఏప్రిల్, గురువారం

భర్తను అడగాలన్న ఆమె కూడా చేరిందట. అంబిక కిటికీలోంచి మమ్మల్ని చూసింది. నేను చెయ్యి ఊపాను. తెర వేసుకుంది. రేపు మళ్ళీ ఊపుతాను.

4 ఏప్రిల్, శుక్రవారం

టెస్టు.

ట్రాక్ బయట కంచె పక్కన తస్నీమ్ నిలబడింది. పక్కన ఈయన, నెత్తిన రుమాలు వేసుకుని. తస్నీమ్ రెండు చేతులూ తెరిచి ఏదో చదువుకుంది. ఎనిమిది ఆకారంలో బాగా తిప్పాను. ఎత్తు మీద బండిని ఆపి, వెనక్కి జారకుండా కదిలించాను. రివర్స్‌లో చివరి కర్ర దగ్గర అద్దాన్ని నమ్మాను. కర్ర పడింది.

ఫెయిల్. ఏడు రోజులు ఆగి మళ్ళీ రమ్మన్నారు.

తల వంచుకుని బయటికి వచ్చాను. ఆనేకల్‌లో మగ్గాలవాళ్ళు నూలు కోసం చూస్తున్నారు. ఈయన ఇంకో వారం ఆటోలోనే తిరగాలి. ఈయన నా భుజం తట్టారు.

తస్నీమ్ నడుము మీద చేతులు పెట్టుకుని అరిచింది. "నా స్టూడెంట్లు రివర్స్‌లో ఫెయిలయ్యింది లేదు ఎనిమిదేండ్లలో! నా పేరు చెడగొడితిరి కదక్కా!"

అన్నాక ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. ఈయన ఎక్కడో చూస్తున్నారు.

ముందు నవ్వింది ఆమే. కంచె పట్టుకుని, వంగిపోయి, ముసుగు కదిలేంతగా నవ్వింది. ఆ వెంటనే నేనూ. టెస్టుకు వచ్చిన కుర్రవాళ్ళు, ఫెయిలైన ఈమె ఎందుకు నవ్వుతోందని తిరిగి చూశారు.

ఏడు రోజులు. పొద్దున ఆరున్నరకు, ఇంకా ఏడు క్లాసులు. ఈయనకు పైకి చెప్పలేదు కానీ, ఇంటికొచ్చినప్పటినుంచి సంతోషంగా ఉంది.